ఒక్కొక్కరు ఒక్కో పుట: వికీసోర్స్ వాలంటీర్లకు ఆన్‌లైన్ శిక్షణ జరిపిన తీరు

కాపీహక్కులు తీరిపోయిన పాత తెలుగు పుస్తకాల స్కాన్లను తెలుగు వికీసోర్స్‌లో పుట పుటా చదివి అచ్చుదిద్దేది వాలంటీర్లే. కొత్తగా చేరేవారికి ఆ పని ఆన్‌లైన్‌లో నేర్పాలనుకున్నప్పుడు మేం ఒక్కటే షరతు పెట్టుకున్నాం. శిక్షణ ముగిసేలోపు వచ్చిన ప్రతి ఒక్కరూ తమ సొంత ఖాతాతో ఒక్క పుటనైనా దిద్ది భద్రపరచాలి. స్లైడ్లు ఎన్ని చూపించామన్నది, ఎంతసేపు మాట్లాడామన్నది మాకు ముఖ్యం కాదు. చూసి తలూపి వెళ్లినవారికి వారం తిరక్కుండానే అంతా మరుపొస్తుంది. ఎర్రగా ఉన్న (ఇంకా దిద్దని) పుటను తన చేత్తో పసుపుగా (దిద్దినదిగా) మార్చిన మనిషి మాత్రం ఇంకోటి తనంతట తానే తెరుస్తాడు. మిగతా ఏర్పాట్లన్నీ ఈ షరతును బట్టే సాగాయి.

మందిని 20 దగ్గర ఆపాం. చెప్పేవారు ఒకరు, సహాయకులు నలుగురు. ఒక్కో సహాయకుడికి ఐదుగురు వస్తారు. అంతకు మించితే ఎవరి తెర మీద ఏం జరుగుతోందో చూసే తీరిక దొరకదు. పేర్లు ఎక్కువ వస్తే రెండో జట్టుగా మరో శనివారం పెట్టడమే మంచిది, 40 మందిని ఒకేసారి కూర్చోబెట్టకూడదు. పేరిచ్చినవారిలో కొందరు ఎలాగూ రారు కాబట్టి నాలుగైదు పేర్లు అదనంగా తీసుకోవచ్చు.

వేళ కుదర్చడం దగ్గరే సగం గొడవ ఉంటుంది. మా జట్టులో హైదరాబాదు, గుంటూరు, విశాఖ వాళ్లతో పాటు అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉన్నవారూ ఉంటారు. శనివారం రాత్రి 7:30 అందరికీ కాస్త సర్దుబాటయ్యే వేళ. అప్పుడు దుబాయిలో సాయంత్రం 6. డాలస్‌లో వేసవి వేళల ప్రకారం ఉదయం 9, చలికాలంలో 8. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబరు మొదటి ఆదివారం మరోసారి మారతాయి. ఆ వారాల్లో పెట్టిన శిక్షణకు పాత లెక్కతో వస్తే గంట తేడా పడుతుంది. అందుకని ఆహ్వానంలో 'భారత కాలమానం' అని ఒక్కటే రాసి ఊరుకోకుండా, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో ఆ ఊరి గంట కూడా రాసి పంపాం. సంక్రాంతి వారం, ఇంటర్ పరీక్షలు నడిచే రోజులు వదిలేయాలి. పేరు ఇచ్చినవారు కూడా ఆ రోజుల్లో కూర్చోలేరు.

అసలు పని పది రోజుల ముందే మొదలవుతుంది. మొదటిది ఖాతాలు. శిక్షణ మొదలయ్యాక ఖాతాలు తెరవడానికి కూర్చుంటే ఆ పూట అక్కడే తెల్లారుతుంది. వికీసోర్స్ లాంటి వికీమీడియా సైట్లలో ఒక ఐపీ చిరునామా (నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్య) నుంచి 24 గంటల్లో ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. ఆన్‌లైన్ శిక్షణలో ఎవరింట్లో వారే ఉంటారు కదా, ఈ ఇబ్బంది ఉండదనిపిస్తుంది. కానీ మొబైల్ డేటాలో ఒకే ఐపీ వెనుక వేలమంది ఉంటారు. మీరు కొత్త ఖాతా తెరవబోయేసరికి ఆ ఆరూ ఎవరో ఎక్కడో వాడేసి ఉండవచ్చు. కొన్నిసార్లు పాత దుశ్చర్యల కారణంగా ఆ ఐపీల వరుస మొత్తం నిరోధంలో (దిద్దనివ్వకుండా ఆపేసి) ఉంటుంది. ఖాతా లేనివారికి అది ఖాతా తెరవడానికి కూడా అడ్డే. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి ప్రయత్నిస్తే చాలామందికి దారి దొరుకుతుంది. అప్పటికీ కాకపోతే వికీసోర్స్ నిర్వాహకులు ఖాతా సృష్టించి తాత్కాలిక సంకేతపదాన్ని మెయిలుకు పంపగలరు. వారికి ఆ ఆరు ఖాతాల పరిమితి అడ్డురాదు.

ఖాతా తెరిచేటప్పుడు మెయిలు చిరునామా ఇవ్వడం తప్పనిసరి కాదు. అయినా మేం తప్పనిసరి చేశాం. మెయిలు ఇవ్వనివారు సంకేతపదం మరిచిపోతే దాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం లేదు, కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టుకోవాల్సిందే. మెయిలు ఇస్తే సరిపోదు, అక్కడికి వచ్చే లింకు నొక్కి ధ్రువీకరించాలి. వాడుకరి పేరుగా సంస్థ పేరో కళాశాల పేరో పెట్టుకోవద్దని ముందే చెప్పాలి. ఖాతా ఒక మనిషిది. ఒకే ఖాతాను ఇద్దరు ముగ్గురు వాడుకోవడం కుదరదు. పేరు తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ తెలుగు టైపింగ్ ఇంకా చేతికి రానివారు లాగిన్ కావడానికే తంటాలు పడతారు. వారిని ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోమన్నాం.

కంపెనీ లాప్‌టాప్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు మరో చిక్కు ఉంది. ఆఫీసు వీపీఎన్ నడుస్తుండగా 'భద్రపరచు' నొక్కితే నిరోధం సందేశం వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని చూడగానే తమనే నిషేధించారని కంగారుపడతారు. వీపీఎన్ ఆపితే చాలు. ఈ మాట ఆహ్వానంలోనే రాసి పెట్టాం.

రెండోది టైపింగ్. శిక్షణకు మూడు రోజుల ముందు వాట్సాప్ గుంపులో ఒక చిన్న పరీక్ష పెట్టాం: 'వాఁడు గుఱ్ఱము నెక్కి నేఁడు వచ్చెను' అన్న వాక్యాన్ని సొంతంగా టైపు చేసి పంపాలి. ఇంత చిన్న వాక్యంలోనే అరసున్న, బండి ఱ ఉన్నాయి. ఎవరికి ఏది రాదో పది నిమిషాల్లో తెలిసిపోయింది. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు మాటలు సూచించే కీబోర్డులతో అలవాటైనవారికి ఈ రెండూ దొరకవు, ఎందుకంటే ఆ కీబోర్డు ఇప్పటి మాటలనే ఊహిస్తుంది. లాప్‌టాప్‌లో విడిగా ఏదీ దించుకోకుండానే వికీసోర్స్ దిద్దుబాటు పెట్టెలో లిప్యంతరీకరణ, ఇన్‌స్క్రిప్టు పద్ధతులు రెండూ ఉంటాయి. కంట్రోల్ కీతో ఎం నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. అప్పటికీ దొరకని అక్షరానికి పనిముట్ల పట్టీలో 'ప్రత్యేక అక్షరాలు' కింద తెలుగు వరుస ఉంది, అక్కడ నొక్కి చేర్చుకోవచ్చు. సొంత కీబోర్డు పద్ధతి ఉన్నవారిని దాన్నే వాడమన్నాం. ఆపిల్ కీబోర్డుకో ఇన్‌స్క్రిప్టుకో చేయి తిరిగినవారికి కొత్తది నేర్పబోతే ఉన్న వేగం కూడా పోతుంది.

ఫోనులో ఈ పని నేర్పకూడదు. స్కాను బొమ్మ ఒక పక్క, పాఠ్యం ఒక పక్క పెట్టుకుని పోల్చి చదవాల్సిన పని ఇది. చిన్న తెరపై కీబోర్డు లేచిందంటే బొమ్మ కనపడదు. లాప్‌టాప్ లేనివారు పక్కింటివారిదో స్నేహితులదో ఆ రెండు గంటలకు తెచ్చుకున్నారు. లాప్‌టాప్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి వాడేవారు ఆ రోజు డేటాను సాయంత్రం దాకా మిగుల్చుకోవాలని, కెమెరా ఆపి కూర్చోవాలని చెప్పాం.

మూడోది పుస్తకం ఎంపిక. రచయిత మరణించి 60 ఏళ్లు దాటి ఉండాలి. ఆ 60 ఏళ్ల లెక్క మరణించిన మరుసటి సంవత్సరం మొదటి తేదీ నుంచి మొదలవుతుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి రచనల విషయంలో ఈ అనుమానమే ఉండదు. అయితే వారి పుస్తకాన్నే ఇటీవల ఎవరో కొత్త పీఠికతో వేసి ఉంటే ఆ పీఠిక హక్కులు వేరే. శిక్షణకు అలాంటి ప్రతి తీసుకోకూడదు. ఇక పుటల ఎంపిక. ముఖపత్రం, విషయసూచిక, పట్టికలు, పద్యాలు, అధోజ్ఞాపికలు (పుట అడుగున ఇచ్చే వివరణలు) ఉన్న పుటలు మొదటి రోజు వద్దు. పుస్తకం మధ్యలో నుంచి, మరకల్లేని, మామూలు వచనం ఉన్న, పాతిక పంక్తులకు మించని పుటలు ఏరాం. ఒక్కొక్కరికి మూడు చొప్పున 60, పైన పది. ఏరే పని ఇద్దరికి ఒక సాయంత్రమంతా పట్టింది, కానీ ఆ శ్రమ వృథా పోలేదు.

అందరూ చూడగల ఒక షీటులో ఎవరి పేరు ఎదురుగా వారి మూడు పుటల లింకులు పెట్టాం. నంబర్లు మాత్రమే రాస్తే గందరగోళమే. పుస్తకంలో 1 అని అచ్చయిన పుట స్కానులో 15వది కావచ్చు. '27వ పుట దిద్దండి' అంటే ఒకరు అచ్చు సంఖ్య చూస్తారు, ఇంకొకరు స్కాను సంఖ్య చూస్తారు, చివరికి ఇద్దరూ ఒకే పుటలో పడి దిద్దుబాటు ఘర్షణ తెచ్చుకుంటారు. వెనక భద్రపరిచినవారికి తాము టైపు చేసిందంతా పోయినట్టు కనిపిస్తుంది, పోదు కానీ కొత్తవారికి అది తిరిగి తీసుకోవడం తెలియదు. లింకు ఇస్తే ఈ బాధ లేదు. షీటులో లింకులున్న వరుసలను మాత్రం తాళం వేసి ఉంచాలి. లేకుంటే ఎవరో ఒకరు పొరపాటున ఒక గడి చెరిపేస్తారు.

సమావేశానికి ఉచిత ఖాతాలే వాడాం. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు, జూమ్‌లో 40 నిమిషాలు ఇస్తారు. మాకు చిన్న గదులుగా విడగొట్టే వీలు కావాలి కాబట్టి 40 నిమిషాలదే తీసుకుని, ఆ హద్దునే కాలపట్టికగా మలచుకున్నాం. 35 నిమిషాల విడతలు మూడు, మధ్యలో పదేసి నిమిషాల విరామం, మొత్తం రెండు గంటల అయిదు నిమిషాలు. విరామం తర్వాత అదే లింకుతో మళ్లీ చేరాలి. అది తెరుచుకోకపోతే ఉండాలని రెండో లింకు కూడా తయారుగా ఉంచాం. లింకును బహిరంగంగా ఎక్కడా పెట్టలేదు, పేరిచ్చినవారికి శిక్షణ రోజు మధ్యాహ్నమే పంపాం. వేచి ఉండే గది పెట్టి, ప్రధాన గదిలో చెప్పేవారు తెర పంచుకుంటుండగా మరెవరూ పంచుకోకుండా చేసి, తెర మీద గీతలు గీసే సౌకర్యం ఆపేయాలి. వచ్చేవారిని లోపలికి తీసుకోవడానికి, వాట్సాప్ చూడడానికి సహాయకుల్లో ఒకరిని విడిగా పెట్టాం. చెప్పేవారు మధ్యలో ఆగి ఈ పనులు చేస్తే పాఠం తెగిపోతుంది. ఉచిత ఖాతాలో సహ నిర్వాహకత్వం ఇవ్వడం కుదరదు కాబట్టి సమావేశాన్ని ఆ సహాయకుడి ఖాతాతోనే తెరవాలి. చెప్పేవారింట్లో కరెంటు పోయినా సమావేశం నడుస్తుంది.

శిక్షణకు ముందు రోజు సహాయకులు మాత్రమే అరగంట కూర్చుని ఒక సాధన చేశారు. ఇక్కడ బయటపడినవి చిన్నవే, కానీ మర్నాడు ఎదురైతే పావుగంట తినేవి. బ్రౌజరు కిటికీ ఒక్కటే పంచుకుంటే దాని బయట తెరుచుకునే పెట్టెలు, జాబితాలు చూసేవారికి కనిపించవు. చెప్పేవారు 'ఇదిగో ఇక్కడ నొక్కండి' అంటుంటారు, అవతలివారికి ఖాళీ తెర. కాబట్టి మొత్తం తెరను పంచుకోవాలి, అంతకంటే ముందు ఇతర సందేశాలు కనిపించకుండా నోటిఫికేషన్లు ఆపాలి. బ్రౌజరులో అక్షరం పరిమాణం 150 శాతానికి పెంచాలి. మామూలు సైజులో తెలుగు గుణింతం, వొత్తు తేడాలు వీడియోలో మసకబారిపోతాయి, 'ద'కు 'ధ'కు తేడా తెలియదు. చేతులు ఏ కీ నొక్కుతున్నాయో ఎవరికీ కనిపించదు కనుక నొక్కే ప్రతి కీనీ నోటితో చెప్పాలి. ఒకే గదిలో రెండు పరికరాలతో చేరితే ప్రతిధ్వని వస్తుంది, ఒకదాని స్పీకరు కూడా ఆపాలి, మైకు ఒక్కటే ఆపితే చాలదు.

చాట్‌లో పెట్టిన లింకుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆలస్యంగా చేరినవారికి అంతకు ముందు చాట్‌లో వచ్చినవి కనిపించవు. షీటు లింకు ఒకసారి పెట్టి ఊరుకుంటే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవారు అయోమయంలో పడి, అడగడానికి మొహమాటపడి, మౌనంగా కూర్చుండిపోతారు. ప్రతి విడత మొదట్లోనూ, గదుల్లోకి పంపే ముందూ ఆ లింకు మళ్లీ పెట్టడం ఒక సహాయకుడి పనిగా రాసుకున్నాం. వాట్సాప్ గుంపులో కూడా అదే పైన ఉండేలా చూశాం.

మొదటి విడతలో చెప్పింది ఒక్క పుట. స్లైడ్లు లేవు. నేరుగా ఒక ఎర్ర పుట తెరిచి, బొమ్మ చూపించి, ఓసీఆర్ (బొమ్మలోని అచ్చును పాఠ్యంగా మార్చే) బటన్ నొక్కి, వచ్చిన పాఠ్యాన్ని పంక్తి పంక్తీ దిద్ది, అడుగున పసుపు చుక్క ఎంచి, భద్రపరిచి చూపించాం. రంగుల అర్థం అక్కడే చెప్పాం: ఎరుపు అంటే ఇంకా దిద్దలేదు, పసుపు అంటే ఒకరు దిద్దారు, పచ్చ అంటే రెండో మనిషి మళ్లీ చదివి ఆమోదించారు, బూడిద అంటే పాఠ్యం లేని పుట. తాను పసుపు చేసిన పుటను తానే పచ్చ చేసే వీలు ఉండదు. ఆ చుక్కే కనిపించదు. ఒకరి కన్ను దాటిన తప్పును వేరే కన్ను పట్టాలన్నది ఈ పనిలో కీలకమైన నియమం.

దిద్దడంలో నేర్పాల్సింది ఓసీఆర్ ఎక్కడెక్కడ పొరబడుతుందో గుర్తుపట్టడం. ద–ధ, వ–ప, ఎత్వం–ఏత్వం తారుమారు కావడం సామాన్యం. పాత అచ్చులో అక్షరం పక్కన ౯ లాగా వేసే వలపలగిలకను అది ఒకచోట అంకెగా, ఇంకోచోట ఇంగ్లీషు అక్షరంగా చదువుతుంది. దాన్ని తీసేసి 'ధర్మము', 'కార్యము' అని రేఫతో రాయాలి. సున్న ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఓ వచ్చి కూర్చుంటే కంటికి తేడా అసలు తెలియదు, కానీ తర్వాత ఎవరైనా ఆ మాటను వెతికితే దొరకదు. కంట్రోల్ ఎఫ్ నొక్కి ఆ ఓను వెతికితే ఉన్నవన్నీ వెలుగుతాయి. అరసున్నలు చాలావరకు ఎగిరిపోతాయి, లేదా నిండుసున్నలు అవుతాయి. పంక్తి చివర విరిగిన మాటలు, అడ్డగీత ఉన్నా లేకున్నా, మధ్యలో ఖాళీ లేకుండా కలపాలి. పేరా మారేచోట ఒక ఖాళీ పంక్తి వదలాలి. పుట పైనుండే పుస్తకం పేరు, పుట సంఖ్య పాఠ్యంలో ఉండకూడదు, పైనున్న శీర్షిక పెట్టెలోకి వెళ్లాలి. ఎందుకంటే పుటలన్నీ కలిసి అధ్యాయంగా కనిపించేటప్పుడు అవి వాక్యం మధ్యలో అడ్డం పడతాయి. ఆ పెట్టె మామూలుగా మూసి ఉంటుంది, పట్టీలోని బటన్‌తో తెరవాలి. పుట చివర సగంలో ఆగిన మాటను మాత్రం మొదటి రోజు సహాయకులకే వదిలేయమన్నాం.

ఇంకో విషయం గట్టిగా, రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ అచ్చుదిద్దడమంటే భాషను సరిచేయడం కాదు. పుస్తకంలో 'చేసినాఁడు' అని ఉంటే 'చేశాడు' అని మార్చకూడదు. 'గుఱ్ఱము'ను 'గుర్రం' చేయకూడదు. నూరేళ్ల కిందటి అచ్చు ఎలా ఉందో అలాగే రావాలి. కొత్తవారికి, అందులోనూ చక్కగా తెలుగు చదువుకున్నవారికి, దిద్దాలనే చేయి ఆగదు. అచ్చుతప్పు అని నిస్సందేహంగా తెలిసినా మూలాన్ని అలాగే ఉంచి, సహాయకుడికి చెప్పమన్నాం. దాన్ని సూచించడానికి వేరే మూస (టెంప్లేటు) ఉంది.

రెండో విడత మొత్తం చిన్న గదులు. ఐదుగురు, ఒక సహాయకుడు. గదుల్లోకి పంపే ముందు అక్కడ అందరికీ తెర పంచుకునే అనుమతి తెరిచాం. ఒక్కొక్కరు వంతులవారీగా తమ తెర చూపిస్తూ దిద్దారు, మిగతావారు తమ పుటలు చేసుకుంటూ చెవి ఇటు వేశారు. సహాయకులకు మేం పెట్టిన నియమం: అవతలివారి మౌస్ అందుకోవద్దు, 'నేను చేసి పెడతాను' అనవద్దు. 'పైన కుడివైపు చూడండి మేడం, పెన్సిలు బొమ్మ ఉంది కదా' అని దారి చెప్పాలి, నొక్కేది వారే. జట్లను కలిపేటప్పుడు ఒక్కో గదిలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు ఒకరిద్దరు, విద్యార్థులు లేదా ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు ఉండేలా చూశాం. ఉపాధ్యాయులకు అరసున్న ఎక్కడ పడుతుందో కంఠస్థం, కీబోర్డు మీద మాత్రం వెతుక్కుంటారు. పిల్లలకు కీబోర్డు సులువు, 'ఈ సగం గుండ్రం ఏమిటండీ' అని అడుగుతారు. అరగంటలో ఒకరికొకరు ఆధారమవుతారు. మొత్తం శిక్షణలో అన్నింటికంటే బాగా పనిచేసిన ఏర్పాటు ఇదే.

గదుల్లో ఎక్కువగా ఎదురైన తప్పు రంగు ఎంచకుండా భద్రపరచడం. పుట ఎర్రగానే ఉండిపోతుంది, పని కాలేదనుకుని మళ్లీ మొదటి నుంచి చేయబోతారు. తిరిగి తెరిచి పసుపు ఎంచి భద్రపరిస్తే చాలు. పసుపు చుక్కే కనిపించకపోతే లాగిన్ కాలేదని అర్థం. విరామంలో కంప్యూటరు నిద్రపోయి లేచినవారికో, వేరే బ్రౌజరులో లింకు తెరిచినవారికో ఇలా అవుతుంది. ఓసీఆర్ బటన్ రెండోసారి నొక్కి, దిద్దిందంతా మళ్లీ తప్పుల పాఠ్యంగా మార్చుకున్నవారికి కంట్రోల్ జెడ్ కాపాడుతుంది.

మూడో విడతలో ప్రశ్నలు, తర్వాత ప్రతి గది నుంచి ఒక పుటను పెద్ద తెరపై తెరిచి చరిత్ర పేజీలో తేడాలు చూపించాం. తప్పు చేసినవారి పేరు చదవలేదు. ఎవరి పుట చూపించాలో ముందే గదిలో అడిగి ఒప్పుకున్నవారివే తీసుకున్నాం. రికార్డింగు మొదటి విడతకే పరిమితం, అదీ ముందుగా చెప్పి. గదుల్లో మనుషులు తడబడతారు, దాన్ని భద్రపరచాల్సిన అవసరం లేదు.

ఆ రాత్రే సహాయకులు షీటు పక్కన పెట్టుకుని ప్రతి పుటనూ చదివారు. తప్పులున్న పుటను తామే దిద్ది పచ్చ చేసేయడం తేలిక, కానీ చేయలేదు. ఆ వాడుకరి చర్చాపేజీలో 'నాలుగో పంక్తిలో అరసున్న పోయింది, ఒకసారి చూస్తారా' అని రాసి, రెండు రోజులు ఆగారు. చర్చాపేజీ సందేశం ఎలా కనిపిస్తుందో తెలియనివారికి వాట్సాప్‌లో లింకు పంపాలి, గంట బొమ్మ మీద ఎర్ర అంకె అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. వారు వచ్చి సరిచేశాక, వేరే కొత్త వాలంటీరు చేత ఆ పుటను చదివించి పచ్చ చేయించాం.

మిగిలిన రెండేసి పుటలకు వారం గడువిచ్చాం. బుధవారం రాత్రి 8 నుంచి 8:40 దాకా పాఠం లేకుండా ఒక ఖాళీ సమావేశం తెరిచి ఉంచాం. ఎవరికి ఎక్కడ ఆగిపోయిందో వచ్చి అడగవచ్చు. వచ్చేది నలుగురైదుగురే, కానీ వచ్చినవారి దగ్గర అసలైన ప్రశ్నలుంటాయి: పద్యం పాదాలు విడిగా నిలవాలంటే ఏం చేయాలి, అధోజ్ఞాపిక ఎక్కడ పెట్టాలి, చ మీద రెండు అంకెలాంటిది ఉంటే ౘ అనా రాయాలి. పద్యాలు, అధోజ్ఞాపికల మీద రెండో శిక్షణ ఆ ప్రశ్నల జాబితాతోనే తయారైంది.